కాలి పుండు, ఆకు పట్టు, ఆసుపత్రి
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు వారం కిందట మా ఇంటికి వచ్చి, "డాక్టరు సాబ్, ఈసారి పిల్లల చదువుల మీద ఒకరు, వక్ఫు భూముల మీద ఒకరు మాట్లాడుతున్నారు. మీరు ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పండి. కాని ఎక్కువసేపు తీసుకోవద్దు, దేగ్‌లో బిర్యానీ చల్లారిపోతుంది" అని మనవి చేశారు. ఆయన ఆజ్ఞ శిరసావహిస్తాను. ఆరోగ్యమంటే సముద్రం. అందులోంచి నేను ఒక్క సంగతే ఎత్తుకుంటున్నాను. అది పుండు. భోజనానికి ముందు పుండు సంగతేమిటి అని మొహం చిట్లించుకోకండి. ఈ సభలో కూర్చున్న వాళ్ళలో కనీసం పదిమంది చెప్పుల్లో ఈ క్షణంలో ఏదో ఒక పగులో, పుండో ఉండి ఉంటుందని నా అనుమానం.

మనది నల్లరేగడి దేశం. ఇటు సత్తెనపల్లి, నరసరావుపేట మొదలుకొని చిలకలూరిపేట, మార్టూరు, అద్దంకి మీదుగా అటు ఒంగోలు దాకా పత్తి, మిరప, శనగ, పొగాకు. మనవాళ్ళలో సొంత చేను ఉన్నవారు కొందరే. కౌలుకు చేసేవారు, కూలికి పోయేవారు, దూదేకి పరుపులు కుట్టేవారు, గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు మోసేవారు, కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీసే ఆడవాళ్ళు ఎక్కువ. వీరందరి కాళ్ళకో చేతులకో ఎప్పుడూ ఏదో ఒక దెబ్బ ఉంటుంది. పత్తి తీసేటప్పుడు ఎండిన కాయ డిప్పల అంచులు వేళ్ళ కొసలు చీరేస్తాయి. పంట అయిపోయిన తర్వాత నరికిన మోళ్ళు నేలలో బల్లేల మాదిరి నిలబడి ఉంటాయి, హవాయి చెప్పులోంచి కూడా దిగుతాయి. తుమ్మముల్లు సరేసరి. ఇవన్నీ దెబ్బలేనా అంటారు మనవాళ్ళు. తొంభైతొమ్మిది సార్లు ఆ మాట నిజమే. నూరో సారి సంగతి చెబుతాను.

1991లో నేను ఇంకా కొత్త డాక్టరును. వేరే జిల్లాలో ఉద్యోగం. మా ఖాలూ, అంటే మా అమ్మ చెల్లెలి భర్త, చేనుకు పోయి వస్తూ పత్తి మోడు మీద కాలు వేశాడు. అరికాలిలో చిన్న గాటు. రక్తం కూడా పెద్దగా రాలేదట. ఆయనకు అప్పటికి ఆరేడేళ్ళుగా చక్కెర జబ్బు. మాత్రలు ఒకరోజు వేసుకుంటే రెండు రోజులు మానేసేవాడు. మర్నాటికి కాలు పొంగింది. మా ఖాలా వావిలాకు వెచ్చచేసి కట్టింది. నొప్పి పెరిగింది. ఊళ్ళో మందులిచ్చే ఆయన వచ్చి ఒక సూది పొడిచాడు. అందులో ఏమున్నదో ఎవరికీ తెలియదు గాని రెండు మూడు గంటలు హాయిగా నిద్రపోయాడు. లేచిన తర్వాత మళ్ళీ కేకలు. ఎవరో చెబితే వావిలాకు తీసేసి ఉమ్మెత్తాకు, పసుపు, సున్నం కలిపి నూరి మోకాలి దాకా పట్టువేసి గుడ్డ చుట్టారు.

ఆ రాత్రి మా ఖాలా కొడుకు బస్టాండు దగ్గర ఎస్.టి.డి. బూతు నుంచి నాకు ఫోను చేశాడు. "భాయీ, అబ్బా నొప్పి ఓర్చుకోలేక ఏడుస్తున్నాడు. చూస్తే పైకి అంత ఏమీ లేదు" అన్నాడు. జ్వరం ఉందా అని అడిగాను. ఉందన్నాడు. రెండు మాత్రల పేర్లు చెప్పి, కాలు ఎత్తు మీద పెట్టుకొని పడుకోమను, ఆదివారం నేను వస్తాను అన్నాను. అది గురువారం.

శనివారం ఉదయం ఆసుపత్రికి తీసుకుపోయి పట్టు విప్పితే కాలు ఊదారంగుకు తిరిగి ఉన్నది. నీటి బొబ్బలు లేచి ఉన్నవి. వేలితో నొక్కితే లోపల ఇసుక నలిగినట్లు కరకరమన్నది. విచిత్రమేమంటే, తెల్లవారుజామున ఆయన "నొప్పి తగ్గిందే" అన్నాడట. ఇంట్లోవాళ్ళు పట్టు పనిచేసిందని సంతోషించారు. నొప్పి తగ్గింది నరాలు చచ్చిపోవడం చేత. తొడ దాకా కాలు తీసివేశారు. అయినా ప్రాణం దక్కలేదు. అన్నమాట ప్రకారం ఆదివారం నేను వెళ్ళాను. వెళ్ళింది జనాజాకు.

ఎవరి మీదా నేరం మోపడానికి ఈ సంగతి చెప్పడం లేదు. ఆకు కట్టిన మా ఖాలా చదువుకోలేదు. నేను చదువుకున్నాను. "నొప్పి ఓర్చుకోలేనంత, పైకి చూస్తే ఏమీ లేదు" అన్న ఒక్క మాటలోనే ఆ జబ్బు పేరున్నది. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే నేను సరిగానే రాసి ఉండేవాణ్ణి. ఫోనులో మా తమ్ముడు అదే మాట చెబితే నాకు వినబడలేదు.

ఆ జబ్బు ఏమిటో ఇప్పుడు చెబుతాను. బక్రీదు నాడు తోలు ఒలవడం మీరందరూ చూసినవారే. తోలుకు, కండకు మధ్య తెల్లగా, పల్చగా, జారుడుగా ఒక పొర ఉంటుంది. కత్తి మొన తగిలించి పిడికిలితో తోస్తే తోలు సులువుగా ఊడివచ్చేది ఆ పొర వెంబడే. మన ఒంట్లోనూ అదే ఏర్పాటు. క్రిములు పై తోలులోనే ఉంటే సెగ్గడ్డ అంటాము. తోలు కిందికి దిగి ఎర్రగా పాకితే సెల్యులైటిస్ అంటాము. చాలామందికి ఇది మందులతో తగ్గిపోతుంది. క్రిములు ఆ తెల్లటి పొరకు చేరుకున్నాయా, ఇక వాటికి అడ్డు లేదు. మన పిడికిలి ఎలా సులువుగా పోతుందో అవీ అలాగే పోతాయి, గంటల మీద పోతాయి. పైన తోలు ఇంకా మామూలుగానే ఉంటుంది, కింద అంతా కుళ్ళిపోతూ ఉంటుంది. నొప్పికి, కంటికి కనబడే దానికి పొంతన లేకపోవడం ఇందుచేతనే. దీన్ని డాక్టర్లు నెక్రొటైజింగ్ ఫేషియైటిస్ అంటారు. 1952లో విల్సన్ అనే వైద్యుడు పెట్టిన పేరిది. జబ్బు మాత్రం పాతది. అమెరికా అంతర్యుద్ధంలో సైనిక వైద్యుడుగా పనిచేసిన జోసెఫ్ జోన్స్ ఇటువంటి కేసులు 2,642 లెక్కవేసి 1871లో ప్రకటించాడు. వారిలో సగానికి కొంచెం తక్కువ మంది చనిపోయారు. ఈనాడు ఇన్ని మందులున్నా, వైద్యం అందినవారిలో కూడా దాదాపు నాలుగో వంతో అయిదో వంతో దక్కడం లేదు. మర్మస్థానాల దగ్గర వస్తే దానికే ఫూర్నియర్ గ్యాంగ్రీన్ అని వేరే పేరున్నది. అక్కడ వచ్చిన వాపును సిగ్గుపడి భార్యకు కూడా చెప్పకుండా దాచుకొని ప్రాణం మీదికి తెచ్చుకున్న మగవాళ్ళను నేను ఒకరిద్దరిని కాదు, చాలామందినే చూశాను.

"ఇంత మంచి యాంటీబయాటిక్ మందులున్నాయి గదా, కోయడం ఎందుకు?" అని అడుగుతారు. సాగర్ కుడికాలువ కింద సేద్యం చేసేవారికి దీని జవాబు వెంటనే అర్థమవుతుంది. కాలువలో నీరు ఎంత ఉంటే మాత్రం ఏమి, చేలోకి వచ్చే బోదె పూడిపోతే మడి తడుస్తుందా? ఈ జబ్బులో చిన్న చిన్న రక్తనాళాలు గడ్డకట్టి మూసుకుపోతాయి. సూది ద్వారా ఎక్కించిన మందు రక్తంలోనే తిరుగుతుంది గాని కుళ్ళిన చోటికి చేరదు. చచ్చిన భాగమంతా కోసి తీసివేస్తేనే మిగిలినదానికి మందు అందుతుంది. ఒకసారి కోస్తే సరిపోదు, మర్నాడు మళ్ళీ చూడాలి, అవసరమైతే మళ్ళీ కోయాలి. మొదటి కోత ఎన్ని గంటలకు పడింది అన్నదాని మీదే కాలు, ప్రాణం ఆధారపడి ఉంటవి. కాలు తీసేస్తారనే భయంతో ఆసుపత్రికి రానివారిని ఎంతోమందిని చూశాను. ఆ భయంతో గడిపిన రెండు రోజులే కాలు తీసివేయడానికి కారణమవుతున్నవి. మొదటి రోజు వస్తే చాలామందికి కాలు తీయనక్కరలేదు.

గుర్తులు చెబుతాను, తల్లులు శ్రద్ధగా వినవలసిందని మనవి. పుండుకు మించిన నొప్పి ఒకటి. ఎర్రదనం ఎంతవరకు ఉన్నదో దాన్ని దాటి కూడా వాపు, సలుపు ఉండడం. తోలు ఎరుపు నుంచి ఊదాకు, బూడిదరంగుకు తిరగడం, నీటి బొబ్బలు లేవడం, నొక్కితే కరకరమనడం ఆ తర్వాత వచ్చేవి. అంతదాకా ఆగకూడదు. చలిజ్వరం, గుండెదడ, మాట తడబడడం, మూత్రం తగ్గడం వస్తే విషం ఒళ్ళంతా ఎక్కుతున్నదన్న మాట. గజ్జల్లో బిళ్ళ కట్టడం ఏ కాలిపుండుకైనా వస్తుంది, దానికి మరీ కంగారుపడనక్కరలేదు. ఇంట్లో చేయదగ్గ పని ఒకటున్నది. బాల్‌పెన్ను తీసుకొని ఎర్రదనం అంచు వెంబడి గీత గీయండి, పక్కన టైము వేయండి. రెండు మూడు గంటల్లో ఎరుపు గీత దాటిందా, ఇక ఎవరినీ సలహా అడగవద్దు. 108కి ఫోను చేయండి. కార్డు దొరకలేదు, సొమ్ము సమకూరలేదు అని ఆగవద్దు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం ఉన్నది. ముందు మనిషిని చేర్చండి, కాగితాలు వెనక నుంచి తేవచ్చు. సర్జరీ విభాగం, ఆపరేషను థియేటరు ఉన్న ఆసుపత్రికే పోవాలి. ఊళ్ళో సూది వేయించుకొని చూద్దాం అనుకోవద్దు. ఆ సూదుల్లో తరచు స్టెరాయిడు ఉంటుంది. అది నొప్పిని, జ్వరాన్ని దాచిపెట్టి, చక్కెరను పెంచి, క్రిములకు పండుగ చేస్తుంది.

ఇక మందుల సంగతి. నేను ఇంగ్లీషు వైద్యుణ్ణి గనుక ఆయుర్వేదాన్ని తిట్టడానికి వచ్చానని కొందరు అనుకొంటూ ఉండవచ్చు. అటువంటిదేమీ లేదు. ఇంకా చెప్పాలంటే, మా ఖాలూ కాలికి కట్టిన పట్టును చూసి ఉంటే మొదట కోప్పడేవాడు సుశ్రుతుడే.

సుశ్రుత సంహితలో వాపులను గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉన్నది. పచ్చి వాపు, పండుతున్న వాపు, పండిన వాపు అని మూడు దశలు చెప్పి, ఏ దశకు ఏ గుర్తులో విడమరిచాడు. పచ్చిదాన్ని తెలియక కోసినవాడిని, పండినదాన్ని కోయకుండా ఉపేక్షించినవాడిని ఇద్దరినీ ఒకే గాట కట్టి గట్టిగా నిందించాడు. శస్త్రంతో చేసే పనులు ఎనిమిది రకాలుగా, పుండుకు చేసే ఉపచారాలు అరవైగా లెక్కపెట్టాడు. పట్టువేయడం ఆ అరవైలో కొన్ని మాత్రమే. కోయడం, చీల్చడం, గీకడం, చీము తీయడం కూడా అందులోనే ఉన్నవి. మనవాళ్ళు పట్టువేయడాన్ని ఉంచుకొని కత్తిని వదిలిపెట్టారు. ప్రమేహం, అంటే ఈనాటి చక్కెర జబ్బు వంటిది ఉన్నవారికి వచ్చే కురుపులను గూర్చి వేరుగా ప్రస్తావించి, అవి ప్రమాదకరమని హెచ్చరించాడు కూడా. తోలు మీద పాకిపోయే వాపుకు విసర్పమని పేరు పెట్టాడు.

మన సభ గనుక ఇంకొక మాట. ఈ సుశ్రుత గ్రంథం అబ్బాసీ ఖలీఫాల కాలంలోనే బాగ్దాదు చేరింది. బర్మకీ వంశపు వజీరు యహ్యా బిన్ ఖాలిద్ ప్రోత్సాహంతో మన్కా అనే భారతీయ వైద్యుడు దాన్ని అరబ్బీలో వివరించాడని ఇబ్నె నదీమ్ పదో శతాబ్దంలో తన ఫిహ్రిస్తులో నమోదు చేశాడు. ఆ తర్వాత వెయ్యో సంవత్సరం ప్రాంతంలో కార్డోవాలో అజ్-జహ్రావీ తన తస్రీఫ్ చివరి భాగమంతా శస్త్రచికిత్సకు కేటాయించి, పనిముట్ల బొమ్మలు సహా వేశాడు. మన పాత హకీములైనా, పాత వైద్యులైనా కత్తి పట్టవలసిన చోట కత్తే పట్టారు. కనుక "మాది ఆకుమందు సంప్రదాయం, కోత పనికిరాదు" అనే మాటకు ఏ సంప్రదాయంలోనూ ఆధారం లేదు.

మరి ఆయుర్వేదానికి ఈ జబ్బులో చోటు లేదా? ఉన్నది. ఎక్కడ అన్నదే ప్రశ్న. తోలు మీది చిన్న గీరుడుకు, సెగ్గడ్డకు శుభ్రంగా కడిగి పసుపు రాసుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు. చేలో తెగినప్పుడు గడ్డి చామంతాకు నలిపి పిండుకోవడం మనందరం చిన్నప్పుడు చేసినదే. పసుపుకు, వేపకు క్రిములను అణిచే గుణం కొంత ఉన్నదని ప్రయోగశాలల్లో తేలింది. అయితే గాజుగిన్నెలో క్రిమిని చంపడం వేరు, తోలు కింద లోతున ఉన్న పొరలోని క్రిమిని చంపడం వేరు. పైన రాసిన పసుపు అంత లోతుకు పోదు. వేడివేడిగా పాకుతున్న వాపు మీద ఏ పట్టూ వేయకూడదు. ఆకు విషమని కాదు. పట్టు వేస్తే రంగు కనబడదు, రంగు కనబడకపోతే రోగం ఎంతదూరం పోయిందో తెలియదు. మా ఖాలూ కాలు రెండు రోజులు ఆకుపచ్చగానే కనిపించింది. గుడ్డ బిగించి కడితే ఉన్న రక్తప్రసారం కూడా ఆగుతుంది. పేడ, బూడిద, పుండులో పెట్టే పొగాకు పొడి మాత్రం బొత్తిగా పనికిరావు. పేడలో, ఎరువు మట్టిలో ధనుర్వాతపు క్రిమి విత్తనాలు ఉంటాయి.

ఆపరేషను అయి, కుళ్ళు పోయి, ఎర్రని కొత్త కండ వస్తున్నప్పుడు ఆయుర్వేదానికి మంచి చోటున్నది. గామా కిరణాలతో శుద్ధిచేసిన తేనె పట్టీలు ఈనాడు పెద్ద ఆసుపత్రుల్లో కూడా వాడుతున్నారు. అంగట్లో సీసాలో అమ్మే బెల్లంపాకం కలిసిన తేనె అది కాదు. త్రిఫలా కషాయంతో కడగడం, జాత్యాది తైలం అద్దడం అర్హత గల ఆయుర్వేద డాక్టర్లు చేస్తారు. జాత్యాదిలో మైలుతుత్తం పడుతుంది కనుక దాన్ని కూడా కొలతలేకుండా లోతైన పుండ్లలో పోసుకోకూడదు. పరీక్షకు నిలిచిన ఆయుర్వేద చికిత్స ఏదని అడిగితే భగందరానికి కట్టే క్షారసూత్రం చెబుతాను. భారత వైద్య పరిశోధన మండలి అనేక కేంద్రాల్లో చేయించి 1991లో ప్రకటించిన పరీక్షలో, ఆపరేషనుతో మానడానికి నాలుగు వారాలు పడితే దారంతో ఎనిమిది వారాలు పట్టింది. కాని ఏడాదిలో తిరగబెట్టినవారు ఆపరేషను వారిలో నూటికి 11 మంది, దారం వారిలో నలుగురే. నా వద్దకు వచ్చిన భగందరం రోగులను మా వీధిలోనే ఉన్న ఆయుర్వేద డాక్టరుగారి దగ్గరికి నేనే పంపుతూ ఉంటాను. ఎర్రగా పాకే వాపుతో ఎవరైనా పోతే ఆయన ముట్టుకోకుండా నా దగ్గరికి పంపుతారు. మా ఇద్దరికీ తగవు లేదు. తగవంతా డిగ్రీ లేకుండా బస్టాండుల్లో పొడి అమ్మేవాడితోనే. ఆ పొడుల్లో కొన్నిటిలో స్టెరాయిడ్లు, సీసం, పాదరసం బయటపడిన సందర్భాలున్నవి. పొడపత్రి, కాకరరసం, నేరేడు గింజల పొడి మొదలుపెట్టి ఇన్సులిను మానేసినవారు పుండుతో వచ్చినప్పుడు చక్కెర నాలుగువందలు, అయిదువందలు ఉండడం నేను చూస్తున్నదే. తాగదలచుకుంటే తాగండి, ఇన్సులిను మాత్రం మానకండి.

ఈ రెండు వైద్యాలూ ఒకే మనిషి జీవితంలో కలిసిన సంగతి ఒకటి మన తెలుగువాళ్ళకే ఉన్నది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు యువకుడుగా స్ప్రూ అనే జబ్బుతో మంచం పట్టినప్పుడు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద మందుతో కోలుకున్నారు. తర్వాత మద్రాసు ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. 1923లో అమెరికా వెళ్ళి, లెడర్లీ కంపెనీలో పరిశోధనకు అధిపతి అయ్యారు. ఆయన పర్యవేక్షణలోని బృందం నుంచే 1948లో ఆరియోమైసిన్ వెలువడింది. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అదే మొదటిది. ఆయుర్వేదం బతికించిన మనిషే యాంటీబయాటిక్కును లోకానికి ఇచ్చాడు. ఏ మందు ఏ పనికో ఆయనకు తెలుసు.

మన మట్టిని గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2025 సెప్టెంబరులో గుంటూరును ఆనుకొని ఉన్న తురకపాలెం పేరు పత్రికల నిండా వచ్చింది. కొద్ది నెలల్లో ఊళ్ళో వరుసగా మరణాలు జరగడంతో వైద్య బృందాలు దిగి ఇంటింటా రక్తపరీక్షలు చేశాయి. మెలియాయిడోసిస్ కావచ్చునన్న అనుమానం అప్పుడు బలంగా వినిపించింది. ఆ మరణాలన్నిటికీ అదొక్కటే కారణమని నేను అనబోవడం లేదు. కాని ఆ పేరు మనం తెలుసుకోదగ్గది. రంగూనులో విట్మోర్, కృష్ణస్వామి అనే ఇద్దరు వైద్యులు 1912లో లోకానికి తెలియజేసిన జబ్బిది. దీని క్రిమి తడిమట్టిలో, నిలవనీటిలో ఉంటుంది. వానాకాలంలో కాలి పగుళ్ళ గుండా, గాట్ల గుండా ఒంట్లోకి వస్తుంది. చక్కెర జబ్బు ఉన్నవారిని ఎక్కువగా పట్టుకుంటుంది. ఊపిరితిత్తుల్లో నెమ్ము, తోలు కింద, కాలేయంలో చీముగడ్డలు దీని లక్షణాలు. మామూలు మాత్రలకు లొంగదు. చీమును పరీక్షకు పంపి, కల్చరులో తేలిన తర్వాత సరైన మందు రెండు వారాలు సూదుల మీద, ఆపైన మాత్రలు మూడు నెలలు వాడాలి. మధ్యలో మానేస్తే తిరగబెడుతుంది. కనుక గడ్డ కోసినప్పుడు "చీము కల్చరుకు పంపారా అండీ?" అని మీ డాక్టరును అడగండి. ఆయన ఏమీ అనుకోడు. అనుకున్నా మీకేమీ నష్టం లేదు.

నాలుగేళ్ళ కిందట కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే ఒక తల్లికి గోరుచుట్టు వచ్చింది. మన ఇళ్ళల్లో చేసే వైద్యమే చేసుకున్నది, నిమ్మకాయకు తూటుపొడిచి వేలికి తొడుక్కున్నది. మర్నాడు పనికి కూడా పోయింది. ఆమెకు చక్కెర ఉన్నది. చెయ్యి మండుతుంటే మిరపకాయ మంటే అనుకొన్నది. తొడిమలు తీసేవాళ్ళకు రోజూ ఉండే మంటే గదా! (మిరప మంట నీళ్ళతో పోదు, ముందు కొంచెం నూనె రాసి తర్వాత సబ్బుతో కడగాలి. ఇది సందర్భం గనుక చెప్పాను.) సాయంత్రం వీధిలోని ఆశా కార్యకర్త చూసి, మణికట్టు దగ్గర ఎరుపు అంచున పెన్నుతో గీత గీసి, గీత దాటితే నాకు ఫోను చేయమని ఆమె కూతురుకు చెప్పిపోయింది. రాత్రి పదింటికి ఎరుపు గీతను నాలుగు వేళ్ళు దాటింది. పదకొండున్నరకు మా దగ్గర ఉన్నది, ఒంటిగంటకు బల్ల మీద ఉన్నది. మూడుసార్లు కోశాము. తొడ నుంచి తోలు తీసి చేతికి అతికాము. రెండు వేళ్ళు పూర్తిగా ముడవవు. ఆ చేత్తోనే ఇప్పుడు తొడిమలు తీస్తున్నది. మొన్న కనిపించి, "డాక్టరుగారూ, కూలి మాత్రం పెంచలేదు" అన్నది. దానికి నా దగ్గర మందు లేదని చెప్పాను. ఆ సంగతి అధ్యక్షులవారికి వదులుతున్నాను.

ఆమె వార్డులో ఉండగా జరిగిన ఇంకొక ముచ్చట. ఇంటి నుంచి చారు అన్నం మాత్రమే పంపేవారు. ఏమమ్మా అంటే, పప్పు తింటే చీము పడుతుంది, మాంసం తింటే పుండు మానదు అన్నారు. ఈ మాట ఎవరు పుట్టించారో గాని దాని వల్ల మన ప్రాంతంలో మానవలసిన పుండ్లు ఎన్నో మానకుండా ఉన్నవి. కొత్త కండ దేనితో పుడుతుంది? పప్పు, గుడ్డు, పాలు, మాంసం వీటిలో ఉండే మాంసకృత్తులతోనే. మూత్రపిండాల జబ్బు ఉంటే ఎంత తినాలో డాక్టరు చెబుతాడు. లేనివారు నిక్షేపంగా తినవచ్చును.

చక్కెర ఉన్నవారికి చివరిగా ఒక మాట. మన దేశంలో ఈ జబ్బు ఉన్నవారు 10 కోట్ల పైచిలుకు అని 2023లో తేలింది. ఏళ్ళు గడిచేకొద్దీ వీరి పాదాల్లో స్పర్శ పోతుంది. చెప్పు జారిపోయినా తెలియదు, మేకు దిగినా తెలియదు. చలికాలం వుజూకు వేడినీళ్ళు పెట్టుకుంటే కాలు కాలినా తెలియదు. నీళ్ళను ముందు మోచేతితో చూసుకోండి, లేదా ఇంట్లో పిల్లలను చూడమనండి. అయిదు పూటలా కాళ్ళు కడుగుతాము, వేళ్ళ మధ్య ఖిలాల్ చేస్తాము. కడిగిన తర్వాత ఆ వేళ్ళ మధ్య తడిని మెత్తని గుడ్డతో అద్దండి. తడి నిలిస్తే అక్కడ తోలు ఒరిసిపోయి తెల్లగా చివికిపోతుంది. మన ప్రాంతంలో సెల్యులైటిస్‌కు పెద్ద దర్వాజా అదే. రోజుకు ఒక్కసారైనా అద్దం కింద పెట్టి అరికాలు చూసుకోండి. చేనుకు పోయేటప్పుడు గట్టి అడుగు ఉన్న బూట్లు వేసుకోండి. మొహర్రం రోజుల్లో గుండం తొక్కే ఆచారం గురించి మతపరమైన తీర్పు చెప్పడానికి నేను ఆలిమును కాదు. స్పర్శ లేని కాళ్ళతో నిప్పుల మీద నడవవద్దని డాక్టరుగా చెప్పగలను.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. భోజనాలయ్యాక నేను ఈ హాలు వెనక గదిలో అసర్ దాకా కూర్చుంటాను. చక్కెర ఉన్నవారు ఎవరైనా రావచ్చును. ఆడవాళ్ళ కోసం మా కోడలు, ఆమె కూడా డాక్టరే, పక్క గదిలో ఉంటుంది. ఫీజు లేదు, మందులు రాయము, కాళ్ళు మాత్రం చూస్తాము. చెప్పులు, మేజోళ్ళు బయట విడిచి రండి.